సంతకానికి ముందు: గోప్యత ఒప్పందం గురించి కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర, యానాం పట్టు రైతులకు ఒక పాఠం



ఈసారి పాఠం పురుగు గురించి కాదు, కాగితం గురించి. కాస్త పొడుగు. ఆకు వేసి కూర్చున్నాక తీరిగ్గా చదవండి.

నాలుగేళ్ళ కింద ఒక కంపెనీ మనిషి మా షెడ్డుకు వచ్చినాడు. పడకల మీద చల్లే కొత్త పౌడరు, ఉచితంగా ఇస్తాం, ఒక పంటకు వాడి చూడండి అన్నాడు. ఇంగ్లీషులో నాలుగు పేజీలు ముందు పెట్టి సంతకం చేయించుకున్నాడు. నేను చదవలేదు. ఆ పంటలో నాలుగో జ్వరం లేచినాక పురుగు పోవడం మొదలైంది. పౌడరు వల్ల పోయిందో, వానలకు షెడ్డులో తేమ పెరిగి పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. డిపార్ట్‌మెంటు సార్లకు చెబుదామని అనుకునే లోపే కంపెనీ మనిషి ఫోను చేసి, "సంతకం పెట్టినారు గుర్తుందా, బయట చెబితే ఐదు లక్షలు కట్టాల" అన్నాడు. నోరు మూసుకున్నాను. పక్క ఊళ్ళో మా బావమరిది అదే పౌడరు తెచ్చుకున్నాడని తెలిసినా చెప్పలేదు. తర్వాత ఎప్పుడో ఒక వకీలు గారికి ఆ కాగితం చూపిస్తే, "డిపార్ట్‌మెంటుకు చెప్పకుండా ఏ కాగితమూ ఆపలేదయ్యా, నీవు ఊరికే భయపడినావు" అన్నారు.

ఆ మాట ముందే తెలిసి ఉంటే బావమరిదికి ఒక్క ఫోను చేసి ఉండేవాణ్ణి. అందుకే ఈ పాఠం.

*1. ఈ కాగితం ఏమిటి?*

నాన్ డిస్‌క్లోజర్ అగ్రిమెంట్, పొట్టిగా ఎన్‌డీఏ. తెలుగులో గోప్యత ఒప్పందం అందాం. "నేను నీకు ఒక విషయం చెబుతాను, నీవు దాన్ని బయట చెప్పకూడదు, చెప్పిన పనికి తప్ప వాడుకోకూడదు" అని ఇద్దరు రాసుకునే మాట, అంతే.

మనకు ఇది రెండు దిక్కుల నుంచి వస్తుంది.

ఒకటి, కంపెనీ మనచేత రాయించుకునేది. కొత్త పౌడరు, మందు, యంత్రం, చాకీ సెంటరు ఫ్రాంచైజీ, గూళ్ళ కొనుగోలు ఒప్పందం, వీటిలో ఈ షరతులు ఉంటాయి.

రెండు, మనం ఎదుటివాళ్ళచేత రాయించుకోవలసింది. దీన్ని మనవాళ్ళు అసలు పట్టించుకోరు. మీరు స్టాండుకు కొత్త రకం తిప్పుడు ఏర్పాటు కనిపెట్టినారు, వర్క్‌షాపు వాడికి కొలతలు ఇస్తున్నారు. మరుసటి నెల వాడు అదే స్టాండు పది మందికి అమ్మితే ఏం చేస్తారు?

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోండి. 1970 పేటెంటు చట్టం సెక్షన్ 3(హెచ్) ప్రకారం వ్యవసాయ పద్ధతికి పేటెంటు రాదు. మీరు ఆకు కోసే వేళ, పడక పలచన చేసే తీరు, ఇలాంటి మేపు పద్ధతిని కాపాడుకునే దారి గోప్యతే. స్టాండు, యంత్రం అయితే పేటెంటుకు అవకాశం ఉంది. కానీ అర్జీ పెట్టకముందే ఫొటోలు, వీడియోలు గ్రూపులో పెట్టేస్తే అది కొత్తది కాదని అర్జీ తిరగ్గొట్టే ప్రమాదం ఉంది. ముందు అర్జీ, తర్వాత గ్రూపు.

*2. దేశమంతా ఒకటే ఉన్న లెక్కలు*

మన దేశంలో వ్యాపార రహస్యాలకు విడిగా చట్టం లేదు. 2024 మార్చిలో లా కమిషన్ తన 289వ నివేదికలో అలాంటి చట్టం కావాలని సూచించింది. ఇప్పటికి మాత్రం కాగితం మీద రాసుకున్న మాట, 1872 కాంట్రాక్టు చట్టం, కోర్టు తీర్పులు, ఇవే ఆధారం. అందుకే కాగితంలో ఏం రాసినారు అన్నది అంత ముఖ్యం.

కాంట్రాక్టు చట్టంలో ఐదు సెక్షన్లు గుర్తు పెట్టుకుంటే చాలు.

సెక్షన్ 11: 18 ఏళ్ళు నిండనివాళ్ళ సంతకం చెల్లదు. ఇంట్లో పిల్లోడు ఇంగ్లీషు చదువుతాడని వాడిచేత సంతకం పెట్టించకండి.

సెక్షన్ 23: చట్టానికి, ప్రజల మేలుకు విరుద్ధమైన షరతు చెల్లదు. "రోగం వచ్చినా పట్టు శాఖకు చెప్పకూడదు" అన్న షరతు ఈ లెక్కలోకి వస్తుంది. పెబ్రిన్ లాంటిది గుడ్ల ద్వారా పది ఊళ్ళకు పాకుతుంది కదా.

సెక్షన్ 27: ఒకరి వృత్తిని, వ్యాపారాన్ని అడ్డుకునే ఒప్పందం చెల్లదు. "మా రహస్యం బయట చెప్పకు" అనడం వేరు, "మా దగ్గర మానేసినాక ఐదేళ్ళు వేరే చాకీ సెంటరు పెట్టకు" అనడం వేరు. మొదటిది నిలుస్తుంది. రెండోది సాధారణంగా నిలవదు. 1967లో సుప్రీంకోర్టుకు మహారాష్ట్ర కళ్యాణ్ నుంచి ఒక నూలు మిల్లు కేసు వెళ్ళింది. ఐదేళ్ళు పని చేస్తానని, మిల్లు పద్ధతులు బయట చెప్పనని రాసిచ్చిన ఉద్యోగి గడువు తీరకముందే పోటీ కంపెనీలో చేరినాడు. ఒప్పుకున్న గడువు లోపల ఆ కట్టుబాటు చెల్లుతుందని కోర్టు చెప్పింది. 2006లో క్రికెటర్ జహీర్ ఖాన్ కేసు వచ్చింది. అక్కడ గడువు అయిపోయినాక కూడా మనిషిని కట్టేసే షరతును కోర్టు అమలు చేయలేదు. ఈ రెండు కేసులు పక్కపక్కన పెట్టుకుంటే గడువు లోపల, గడువు తర్వాత అన్న తేడా అర్థమవుతుంది.

సెక్షన్ 28: కోర్టుకు పోయే హక్కును కాగితంతో తీసేయలేరు. "30 రోజుల్లో ఫిర్యాదు చేయకపోతే నీ హక్కు పోతుంది" అని చట్టం ఇచ్చిన గడువును తగ్గించే షరతు కూడా చెల్లదు. ఒప్పందం తప్పితే దావాకు మామూలుగా మూడేళ్ళ గడువు ఉంటుంది.

సెక్షన్ 74: కాగితంలో ఐదు లక్షల జరిమానా రాసినంత మాత్రాన ఐదు లక్షలూ రావు. కోర్టు న్యాయమని తోచిన పరిహారం ఇప్పిస్తుంది. రాసిన మొత్తం దానికి పై హద్దు మాత్రమే. నాలుగేళ్ళ కింద నాకు తెలియనిది ఇదే.

ఇంకొకటి. 2000 ఐటీ చట్టం సెక్షన్ 10ఏ ప్రకారం ఫోనులో కుదిరిన ఒప్పందం కూడా ఒప్పందమే. పీడీఎఫ్ పంపి "ఓకేనా?" అని అడిగితే చదవకుండా బొటనవేలు బొమ్మ పెట్టకండి. "చదివి చెబుతాను" అని రాయండి.

*3. రాష్ట్రాన్ని బట్టి మారేవి*

కాంట్రాక్టు చట్టం అందరికీ ఒకటే అయినా స్టాంపు, కోర్టు, కోర్టు భాష, పట్టు శాఖ చట్టాలు రాష్ట్రానికి ఒక తీరు. మనవాళ్ళు సరిహద్దుల్లో ఉన్నారు. షెడ్డు ఒక రాష్ట్రం, మార్కెట్టు ఒక రాష్ట్రం, కంపెనీ ఇంకో రాష్ట్రం. చిక్కు అక్కడే వస్తుంది.

కర్ణాటక: సిడ్లఘట్ట, చింతామణి, ముళబాగిలు, బాగేపల్లి, పావగడ వైపు మనవాళ్ళకు వర్తించేది 1957 కర్ణాటక స్టాంపు చట్టం. రేట్లు 2024 ఫిబ్రవరి నుంచి పెరిగినాయి, పాత రేటు పేపరు మీద రాయకండి. అంతకన్నా ముఖ్యమైంది 1959 నాటి పట్టుగుడ్లు, గూళ్ళు, పట్టుదారం నియంత్రణ చట్టం. గుడ్ల తయారీకి లైసెన్సు, రీలింగ్ గూళ్ళకు ప్రభుత్వ మార్కెట్టు అన్నవి ఈ చట్టం నుంచే వచ్చినాయి. కాబట్టి గోప్యత కాగితంలో "గూళ్ళు మాకే ఇవ్వాలి, ధర ఎవరికీ చెప్పకూడదు" అని దూర్చితే, ఆ షరతు మిమ్మల్ని చట్టానికి ఎదురుగా నిలబెడుతుంది. అలాంటి లైను కొట్టేయించండి.

తమిళనాడు: హోసూరు, డెంకణికోట, కృష్ణగిరి, ధర్మపురి వైపు 1899 ఇండియన్ స్టాంపు చట్టమే, తమిళనాడు చేసుకున్న సవరణలతో. మామూలు అగ్రిమెంటుకు 20 రూపాయలు ఉన్నది 2024 మే నుంచి 200 అయింది. "స్టాంపు పేపరు కొని ఆరు నెలలు దాటితే చెల్లదు" అని ఊళ్ళో అంటారు. 2008లో తమిళనాడు నుంచి వెళ్ళిన కేసులోనే సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. ఆరు నెలల గడువు వాడని పేపరు డబ్బు వాపసు తీసుకోవడానికే, ఆ పేపరు మీద రాసిన ఒప్పందం చెల్లడానికి కాదు. అయినా పాత పేపరు చూస్తే ఎదుటి వకీలు అనుమానం లేపుతాడు. కొత్తది కొనడం మేలు.

మహారాష్ట్ర: 1958 మహారాష్ట్ర స్టాంపు చట్టం. 2024 అక్టోబరు నుంచి 100 రూపాయల పేపరుతో జరిగే చాలా పనులకు 500 అయింది, మామూలు అగ్రిమెంటు కూడా అందులో ఉంది. షోలాపూరు, నాందేడ్, సిరోంచ మనవాళ్ళు గమనించాల. వేరే రాష్ట్రంలో సంతకం పెట్టిన కాగితం మహారాష్ట్రకు వస్తే, వచ్చిన మూడు నెలల్లోపు తేడా సొమ్ము కట్టుకోవాలి. జాల్నా మార్కెట్టుకు గూళ్ళు తోలేవాళ్ళు అక్కడి వ్యాపారులతో రాసుకునే కాగితాలకు ఇది పనికొస్తుంది.

ఒడిశా: పర్లాఖిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు ఇండియన్ స్టాంపు చట్టమే, ఒడిశా సవరణలతో. పై కోర్టు కటక్‌లో. ఇక్కడ టస్సర్ పెంచేవాళ్ళు ఇంకో చట్టం చూడాలి. సిమిలిపాల్ అడవుల మోదల్ రకం లాంటి స్థానిక జాతుల విషయంలో 2002 జీవవైవిధ్య చట్టం వర్తిస్తుంది. విదేశీ కంపెనీ అయితే చెన్నైలోని నేషనల్ బయోడైవర్సిటీ అథారిటీ అనుమతి ముందు తీసుకోవాలి. రైతు దగ్గర గోప్యత సంతకం తీసుకున్నంత మాత్రాన ఆ అనుమతి అక్కర్లేకుండా పోదు. గూళ్ళ నమూనాలు, మేపు వివరాలు అడిగి కాగితం ముందు పెడితే "అనుమతి కాపీ చూపించండి" అని అడగండి.

యానాం: చుట్టూ ఆంధ్రా ఉన్నా యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం. హైకోర్టు మద్రాసు హైకోర్టు, అమరావతి కాదు. ఇల్లు యానాంలో, భూమి, షెడ్డు కాకినాడ వైపు ఉన్నవాళ్ళు ఉన్నారు. సంతకం ఎక్కడ పెడుతున్నారో ఆ చోటి స్టాంపు వాడాలి. యానాంలో కూర్చుని రాస్తే పుదుచ్చేరి స్టాంపు, షెడ్డు దగ్గర రాస్తే ఆంధ్రా స్టాంపు. కాగితం అడుగున "ఎక్కడ సంతకం పెట్టినారు" అన్న ఖాళీ తప్పక నింపండి.

స్టాంపు తక్కువైతే ఏమవుతుంది? ఒప్పందం రద్దు కాదు. కానీ ఆ లోటు సరిచేసేదాకా కోర్టు దాన్ని సాక్ష్యంగా తీసుకోదు. ఇండియన్ స్టాంపు చట్టంలో, కర్ణాటక చట్టంలో లోటుకు పదింతల వరకు అపరాధం ఉంది. 2023 డిసెంబరులో ఏడుగురు జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం, స్టాంపు లోటు సరిచేసుకోదగిన లోపమే, ఒప్పందాన్ని చంపేది కాదు అని చెప్పింది. ఇక గోప్యత ఒప్పందానికి రిజిస్ట్రేషను అక్కర్లేదు. నోటరీ కూడా తప్పనిసరి కాదు. ఇద్దరు సాక్షులు ఉంటే మంచిది.

భాష: తెలుగులో రాసుకుంటే చట్టం అడ్డు చెప్పదు. గొడవ హోసూరు కోర్టుకు పోతే తమిళానికో ఇంగ్లీషుకో అనువాదం కావాలి, చింతామణిలో కన్నడానికి. రెండు భాషల్లో రాసుకుంటే, తేడా వచ్చినప్పుడు ఏ భాష మాట చెల్లుతుందో అందులోనే రాయండి. చదవలేని పెద్దవాళ్ళు వేలిముద్ర వేస్తే "చదివి వినిపించినాము, అర్థమైంది" అని చదివినవాళ్ళు రాసి సంతకం పెట్టాలి.

*4. ఏ ఊరి కోర్టు?*

అన్నిటికన్నా రైతును దెబ్బ తీసే లైను ఇదే. కాగితం చివర్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

సివిల్ కోర్టు విషయంలో, ఎదుటివాడు ఉండే చోటో, వ్యవహారం జరిగిన చోటో, అక్కడి కోర్టుకే అధికారం. ఇలాంటి రెండు మూడు కోర్టుల్లో ఒకదాన్ని ఎంచుకుని కాగితంలో రాసుకోవచ్చు. ఏ సంబంధమూ లేని ఊరి కోర్టుకు కాగితంతో అధికారం ఇవ్వలేరు. 1989లో సుప్రీంకోర్టు తేల్చిన ఒక కేసు మన దారం వ్యాపారానికి దగ్గరిదే. గుజరాత్ కంపెనీ, సేలం వ్యాపారి, సరుకు మెరుపు నూలు. "వివాదాలు ఖైరా కోర్టు పరిధిలో" అని కాగితంలో ఉన్నా, సేలంలో దావా వేసే హక్కు పోలేదని కోర్టు చెప్పింది. "ఖైరాలో మాత్రమే" అన్న మాట అందులో లేదు. అయితే 2013లో ఇంకో కేసులో, "మాత్రమే" అన్న మాట లేకపోయినా ఉద్దేశం కనబడితే చాలు అన్నారు. కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకండి. "వివాదాలు ఫలానా మా తాలూకా కోర్టులో" అని ముందే రాయించండి.

మధ్యవర్తిత్వం, అంటే ఆర్బిట్రేషను, అని ఉంటే లెక్క మారుతుంది. అక్కడ "సీటు ముంబై" అని రాస్తే, మీకు ముంబైతో ఏ సంబంధం లేకపోయినా అది నిలుస్తుంది. 2017లో సుప్రీంకోర్టు అలాగే చెప్పింది. వివాదం మొత్తం అక్కడికే పోతుంది. ఈ పాఠంలో ఒక్క మాటే గుర్తుంటుందనుకుంటే ఇది గుర్తుంచుకోండి: "ఆర్బిట్రేషను సీటు" పక్కన మీ జిల్లా పేరు లేకపోతే సంతకం పెట్టొద్దు.

నాసిరకం విత్తనం, నాసిరకం సరుకు గొడవ అయితే వినియోగదారుల కమిషను దారి వేరే ఉంది. 2012 నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో ఆంధ్రా రైతుల పక్షాన సుప్రీంకోర్టు, రైతు కూడా వినియోగదారుడే, కాగితంలో ఆర్బిట్రేషను ఉన్నా ఆ దారి మూసుకోదు అని చెప్పింది.

*5. మీ కాగితంలో ఉండవలసిన వాక్యాలు*

కాపీ చేసి పెట్టుకోండి. ఖాళీలు మీరు నింపుకోండి.

(క) రహస్యం ఏది: "ఈ ఒప్పందంలో రహస్యం అంటే జాబితా 1లో రాసిన ........ వివరాలు మాత్రమే. అంతకుముందే రైతుకు తెలిసినవి, అందరికీ తెలిసినవి, పట్టు శాఖ ప్రచురించినవి రహస్యం కావు."

"కంపెనీకి సంబంధించిన అన్ని విషయాలు" అని ఉంటే ఒప్పుకోకండి. మీ నాయన నేర్పిన మేపు కూడా వాళ్ళ రహస్యం అంటారు రేపు.

(ఖ) ఎంతకాలం: "ఈ బాధ్యత ........ తేదీ నుంచి రెండేళ్ళు." ఎప్పటికీ అని ఉంటే అడగండి, తగ్గించండి.

(గ) ఏది ఆపదు: "పట్టు శాఖకు, సెంట్రల్ సిల్క్ బోర్డుకు, కోర్టుకు, వినియోగదారుల కమిషనుకు, రైతు వకీలుకు చెప్పడాన్ని ఈ ఒప్పందం ఆపదు. పురుగుకు రోగం, నష్టం కనబడితే పొరుగు రైతులను హెచ్చరించడాన్నీ ఆపదు."

చివరి వాక్యం మీద పట్టు పట్టండి. శాఖకు చెప్పే హక్కు చట్టం ఎలాగూ ఇస్తుంది. పొరుగువాడికి చెప్పే హక్కు మాత్రం రాసి పెట్టుకుంటేనే గట్టిది. రాసి లేకపోతే గ్రూపులో ఆడియో పెట్టకుండా ముందు శాఖకు రాతపూర్వకంగా చెప్పండి.

(ఘ) అమ్మకం, వృత్తి: "రైతు ఎవరి దగ్గర గుడ్లు కొనాలి, ఎక్కడ గూళ్ళు అమ్మాలి అన్నదానికి ఈ ఒప్పందం సంబంధం లేదు."

(ఙ) కోర్టు: "వివాదాలు ........ తాలూకా కోర్టు పరిధిలో మాత్రమే."

(చ) కాపీ: "అసలు కాపీలు రెండు. ఒకటి రైతుకు." కాపీ ఇవ్వనివాడి కాగితం మీద సంతకం వద్దు.

మీరే వర్క్‌షాపు వాడిచేత రాయించుకునేటప్పుడూ ఇవే వాక్యాలు. (క)లో మీ స్టాండు కొలతలు, బొమ్మ, ఫొటో జత చేసి ప్రతి పేజీ మీద ఇద్దరూ సంతకం పెట్టండి. బొమ్మ లేకుండా "నా డిజైను" అని రాస్తే రేపు ఏ డిజైనో ఎవరూ చెప్పలేరు.

*6. ఇప్పటికే సంతకం పెట్టేసినవాళ్ళకు*

కాగితం తీసి చూడండి. స్టాంపు, తేదీ, కోర్టు లేదా సీటు, గడువు, జరిమానా, ఈ ఐదూ ఒక చీటీ మీద రాసుకోండి. తర్వాత తాలూకా కోర్టు ఆవరణలోని న్యాయ సేవల కమిటీకి వెళ్ళండి. 1987 న్యాయ సేవల చట్టం కింద ఆడవాళ్ళకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, ఆదాయ పరిమితి లోపలివాళ్ళకు వకీలు ఉచితం. ఫోను 15100, ఏ రాష్ట్రం నుంచైనా ఇదే నంబరు. మీ కాగితం ఒక్కోటి ఒక్కో రకం, అందుకే ఈ పాఠం చదివి ఆగిపోకుండా వకీలుకు ఒకసారి చూపించండి.

ఈ వారం పని: ఇంట్లో ట్రంకు పెట్టెలో, బీరువాలో కంపెనీల కాగితాలు ఏమున్నాయో వెతకండి. "ఆర్బిట్రేషను" అన్న మాట ఉందేమో ఇంట్లో చదువుకున్న పిల్లలచేత చూపించుకోండి. ఉంటే పక్కన ఏ ఊరి పేరు ఉందో గ్రూపులో రాయండి. ఊరి పేరు చాలు, కంపెనీ పేరు వద్దు. ఎంతమంది పట్టు రైతులు ఎంత దూరం ఊళ్ళకు కట్టుబడి ఉన్నామో అందరం ఒకసారి చూద్దాం.

మా బావమరిది ఇప్పుడు ఏ పౌడరు తెచ్చుకున్నా ముందు నాకు ఫోను చేస్తాడు. నేను కూడా చెప్పవలసింది చెబుతున్నాను.

పురుగులు చల్లగా, పంట నిండుగా ఉండాల. నమస్కారం.